ఎనిమిది వాకిళ్ళు, ఒకటే బెల్లు

1990లలో మల్టీపోర్ట్ సీరియల్ కార్డుల (ఒకే కంప్యూటరుకి ఎన్నో టెర్మినళ్ళు తగిలించుకునే కార్డులు) కరపత్రాలు చాలావాటిలో ఒక అంకె లావుపాటి అక్షరాల్లో కనిపించేది: 1,15,200. ప్రతి పోర్టూ సెకనుకి అన్ని బిట్లు పంపగలదని దాని అర్థం. ఆ రోజుల్లో నేను విజయవాడ, గుంటూరు, ఏలూరు చుట్టుపక్కల యూనిక్స్ మెషీన్లు పెడుతూ తిరిగేవాణ్ణి. ఆ అంకె అవసరమైన టెర్మినల్ నాకు ఒక్కటీ తగల్లేదు. మేం పెట్టినవన్నీ 9600 మీదే నడిచాయి. కొనేవాళ్ళు మాత్రం ముందు ఆ అంకె గురించే అడిగేవాళ్ళు.

ఇప్పుడు పాత మెషీన్లని సరదాగా బాగుచేసుకునే కుర్రాళ్ళు కొందరు ఈ కార్డులని మళ్ళీ బయటికి తీస్తున్నారు. ఒక పెద్ద ఫైలుని ఒక పోర్టు గుండా పంపుతారు, సెకనుకి ఎన్ని బైట్లు వెళ్ళాయో కొలుస్తారు, ఏ కార్డు గొప్పదో తేల్చేస్తారు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అదే అంకె వెంట పడుతున్నారే అని కొంచెం ఒళ్ళు మండింది. ఈ పోస్టు అందుకే. పైగా ఈ విషయంలో నేను స్వయంగా ఒకాయన చేత డబ్బు తగలబెట్టించాను కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. ఇంటెల్ 386 ప్రాసెసరు ఉన్న ఒక పీసీ డబ్బా. దాని మీద ఎస్‌సీవో కంపెనీ యూనిక్స్, అంటే ఒకేసారి చాలామందిని పనిచేయనిచ్చే ఆపరేటింగ్ సిస్టం. ఆఫీసులో పదిమంది పనిచేయాలంటే పది పీసీలు కొనే స్తోమత ఎవరికీ లేదు. అందుకని ఒక తెర, ఒక కీబోర్డు తప్ప సొంత బుర్ర లేని టెర్మినళ్ళు పెట్టి, మూడు తీగల కేబుల్‌తో ఆ డబ్బాకి కలిపేవాళ్ళం. డబ్బాకి మామూలుగా ఉండే సీరియల్ పోర్టులు రెండే. అందుకే ఎనిమిదేసి, పదహారేసి పోర్టుల కార్డులు. రంగరాజన్ కమిటీ నివేదికల తర్వాత బ్యాంకు శాఖల్లోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా చాలాచోట్ల కనిపించింది ఈ ఏర్పాటే.

కార్డుల్లో రెండు జాతులు. డంబ్ కార్డు, ఇంటెలిజెంట్ కార్డు. పేర్లు మేం పెట్టినవి కావు, అమ్మేవాళ్ళే అలా అనేవాళ్ళు. ఆ పేర్లలోనే సగం వ్యాపారం అయిపోయేది. తెలివైనదీ తెలివితక్కువదీ పక్కపక్కన పెడితే తెలివితక్కువది ఎవరు కొంటారు?

ఇప్పుడు లెక్క. 9600 అంటే సెకనుకి 9600 బిట్లు. ఒక అక్షరానికి ముందో స్టార్ట్ బిట్, వెనకో స్టాప్ బిట్ కలిపి పది బిట్లు. అంటే సెకనుకి 960 అక్షరాలు. టెర్మినల్ తెర 80 నిలువు గడులు, 24 వరసలు, మొత్తం 1920 అక్షరాలు. నిండా నింపాలంటే రెండు సెకన్లు. కార్డు ఎంత గొప్పదైనా ఆ రెండు సెకన్లూ తగ్గవు, తీగ వేగం అంతే కనుక. మరి కార్డులో తేడా ఎక్కడ ఉన్నట్టు?

ఆ 1920 అక్షరాలు పంపడానికి సీపీయూని ఎన్నిసార్లు లేపారన్న దాంట్లో ఉంది. పాత డంబ్ కార్డు మీద ఉండే 8250, 16450 చిప్పులు ఒక్క అక్షరాన్ని మాత్రమే పట్టుకోగలవు. అది వెళ్ళిపోగానే ఇంటరప్టు కొడతాయి, ఇంకోటి ఇవ్వమని. సీపీయూ చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపి, రిజిస్టర్లు దాచుకుని, ఎవరు పిలిచారో కనుక్కుని, ఒక్క అక్షరం ఇచ్చి, మళ్ళీ పాత పనిలోకి వెళ్ళాలి. భోజనానికి కూర్చున్నవాణ్ణి మెతుకు మెతుక్కీ బెల్లు కొట్టి లేపినట్టు. 33 మెగాహెర్ట్జ్ 386 మీద ఒక్కో పిలుపుకి 60 మైక్రోసెకన్లు పట్టిందనుకోండి. పన్నెండు టెర్మినళ్ళు ఒకేసారి తెర నింపుకుంటే సెకనుకి 11,520 పిలుపులు. వాటికే 0.69 సెకను పోయింది. మిగిలిన 0.31లో బిల్లులూ స్టాకూ లెడ్జర్లూ అన్నీ సర్దుకోవాలి.

ఇంకో చిక్కు, ఇది కరపత్రాల్లో ఎక్కడా రాయరు. ఎనిమిది పోర్టుల డంబ్ కార్డుకి ఇంటరప్టు తీగ ఒకటే. ఎనిమిది వాటాల ఇంటికి ఒకే కాలింగ్ బెల్ ఉన్నట్టు. బెల్లు మోగితే ఏ వాటావాళ్ళకోసం వచ్చారో తెలీదు, అన్ని తలుపులూ తీసి చూడాలి. పైగా ఐసా బస్సులో (అప్పటి పీసీల్లో కార్డులు గుచ్చే దారి) ఆ బెల్లు, నొక్కిన క్షణంలో మాత్రమే వినిపించే రకం. ఒకడు నొక్కిపట్టుకుని ఉండగా ఇంకొకడు వచ్చి నొక్కితే కొత్తగా ఏ చప్పుడూ రాదు. అందుకని డ్రైవరు, అంటే కార్డుని నడిపించే ప్రోగ్రాము, అన్ని పోర్టుల్నీ చుట్టి వచ్చి, మధ్యలో ఏదన్నా కొత్తగా లేచిందేమోనని మళ్ళీ ఒక చుట్టు తిరిగి, అంతా సద్దుమణిగాకే బయటికి రావాలి. ఆ రెండో చుట్టు మర్చిపోయిన డ్రైవరుతో ఎనిమిది టెర్మినళ్ళూ ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. కస్టమరు "కార్డు పోయింది" అంటాడు. కార్డు నిక్షేపంగా ఉంటుంది.

ఆ తలుపు తీసి చూడ్డం కూడా ఊరికే కాదు. ఐసా బస్సు మీద ఒక్క పోర్టు చదవడానికి దాదాపు ముప్పావు మైక్రోసెకను పడుతుంది. సీపీయూ మార్చినా అది మారదు. 66 మెగాహెర్ట్జ్ 486 పెట్టి, ఇక దూసుకుపోతుందని చెప్పి అమ్మిన మెషీన్లు కూడా ప్రతి చదువుకీ 50 క్లాకులు చేతులు కట్టుకుని నిలబడేవి.

ఇంత లెక్క తెలిసినవాణ్ణి కాబట్టే తప్పు చేశాను.

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ కొట్టు. పన్నెండు టెర్మినళ్ళు, ఎనిమిది పోర్టుల డంబ్ కార్డులు రెండు, ఎనిమిది మెగాబైట్ల మెమరీ, ఫాక్స్‌బేస్ అనే డేటాబేస్‌లో రాసిన బిల్లింగ్ ప్రోగ్రాము. పొద్దున పదింటి దాకా బాగానే ఉండేది. పదకొండుకి ఊళ్ళ నుంచి ఆర్డర్లు మొదలయ్యాక, కీ నొక్కిన ఎంతసేపటికో అక్షరం తెర మీదికి వచ్చేది. ఓనరు గారు పెద్దాయన. నన్ను కూర్చోబెట్టి, "ఏమయ్యా, మా కుర్రాడు అక్షరం కొట్టి టీ తాగొస్తున్నాడు, ఇది నువ్వు పెట్టిన మిషనేనా?" అన్నారు. నేను కాగితం మీద పై లెక్కంతా వేసి చూపించాను. ఇంటెలిజెంట్ కార్డు వేస్తే ఈ భారమంతా పోతుందండీ అన్నాను. దాని ధర విని ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత సరే అన్నారు.

ఇంటెలిజెంట్ కార్డు పని చేసే తీరు నిజంగానే ముచ్చటగా ఉంటుంది. దాని మీద సొంత ప్రాసెసరు ఉంటుంది, చాలావాటిలో 80186 కుటుంబంది. సొంత మెమరీ ఉంటుంది. ఆ మెమరీలో కొంత మెషీను వైపు కిటికీలా తెరుచుకుంటుంది. డ్రైవరు ఒక మూట అక్షరాలు ఆ కిటికీలో పడేసి తన దారిన తను పోతుంది. వాటిని ఒక్కొక్కటిగా తీగలోకి తోయడం కార్డు పని. కొన్ని కార్డులు మరో అడుగు ముందుకేసి, బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం చెరపడం, ఎంటర్ దాకా వరస పోగుచేయడం వంటివి కూడా తామే చేసేవి. ఈ కార్డులు చేసే డిజీబోర్డు వాళ్ళయితే అందుకోసం డిట్టీ అని ఒక కమాండే ఇచ్చారు.

కార్డు బిగించాం. రిపోర్టులు తెర మీద నీళ్ళలా జారాయి. అందరూ సంతోషించారు. మర్నాడు పదకొండింటికి ఫోను. అక్షరం ఇంకా టీ తాగి వచ్చాకే వస్తోంది.

అప్పుడు చేశాను, కార్డు కొనిపించడానికి ముందే చేయాల్సిన పని. యూనిక్స్‌లో సార్ అని ఒక కమాండ్ ఉంది. మెషీను ఎక్కడ ఎంతసేపు గడిపిందో అది చెబుతుంది. మా ఆఫీసులో "సార్‌ని అడిగావా?" అంటే మేనేజరుని అడిగావా అనుకుని కొత్తవాళ్ళు కంగారుపడేవాళ్ళు. సార్ మైనస్ వై అంటే టెర్మినళ్ళ లెక్క: సెకనుకి ఎన్ని అక్షరాలు లోపలికి వచ్చాయి, ఎన్ని బయటికి వెళ్ళాయి, వాటికి ఎన్ని ఇంటరప్టులు పడ్డాయి. సార్ మైనస్ డబ్ల్యూ అంటే స్వాపింగ్ లెక్క. ఈ రెండోది చూసి నాకు చెమట పట్టింది. పన్నెండు ఫాక్స్‌బేస్ ప్రాసెస్‌లు ఎనిమిది మెగాబైట్లలో పట్టక, ఒకటి డిస్కులోకి పోతే ఒకటి బయటికి వస్తున్నాయి. కుర్రాడు కీ కొట్టిన క్షణాన ఆ అక్షరం కెర్నెల్ (యూనిక్స్ గుండెకాయ) దాకా వెంటనే చేరుతోంది. దాన్ని అందుకోవాల్సిన ప్రోగ్రాము మాత్రం డిస్కులో నిద్రపోతోంది.

ఇక్కడే యూనిక్స్ టెర్మినళ్ళ అసలు రహస్యం ఉంది. షెల్లులో (కమాండ్లు కొట్టే చోట) టైపు చేస్తుంటే ఎంటర్ కొట్టేదాకా ప్రోగ్రాముని ఎవరూ లేపరు, కెర్నెలే తెర మీద చూపిస్తూ పోతుంది. ఫాక్స్‌బేస్ లాంటి తెరనిండా గడులుండే ప్రోగ్రాములు రా మోడ్‌లో నడుస్తాయి. ప్రతి కీకీ ప్రోగ్రాము మేలుకుని, చూసి, తనే ఆ అక్షరాన్ని వెనక్కి పంపాలి. మనిషి ఎంత గబగబా కొట్టినా సెకనుకి ఐదారు కీలు. పన్నెండు మందికీ కలిపి 60, 70. కార్డుకి అదొక లెక్కే కాదు, డంబ్ కార్డు కూడా దులిపేసుకుంటుంది. ఆ 60 సార్లు ప్రోగ్రాముని మేల్కొలపడం మాత్రం మెషీనుకి భారం. ఐబీఎం వాళ్ళు 1971లో తెచ్చిన 3270 టెర్మినళ్ళు ఈ గొడవ లేకుండా, ఫారం మొత్తం టెర్మినల్లోనే నింపి, ఎంటర్ కొట్టాకే పంపేవి. ఒక్క మెయిన్‌ఫ్రేము వందలమందిని మోసిందంటే అందులో ఈ ఏర్పాటు వాటా కూడా ఉంది. మన యూనిక్సు మర్యాదస్తురాలు, ప్రతి కీకీ లేచి పలకరిస్తుంది.

ఇంకో ఎనిమిది మెగాబైట్లు వేశాం. అక్షరం వేలి వెంట పరిగెత్తింది. ఆ మెమరీకి అయిన ఖర్చు కార్డు ధరలో చిన్న ముక్క. ఓనరు గారు బిల్లు చూసి, "మరి ఆ పెద్దది ఎందుకు కొనిపించావయ్యా?" అన్నారు. రిపోర్టులు బాగా వస్తున్నాయి కదండీ అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

తర్వాతి ఏడాది గుంటూరులో ఒక పత్తి వ్యాపారి దగ్గర ఇదే కథ మొదలయ్యేసరికి ఈసారి ముందు సార్‌ని అడిగాను. మెమరీ చాలినంత ఉంది, స్వాపింగ్ లేదు. బయటికి వెళ్ళే అక్షరాలు వేలల్లో ఉన్నాయి, ఇంటరప్టులు కూడా సరిగ్గా అన్నే ఉన్నాయి. అంటే ఇక్కడ నిజంగానే కార్డుది తప్పు. అయినా ఇంటెలిజెంట్ కార్డు మాటెత్తలేదు. ఆ డంబ్ కార్డు మీద 16450 చిప్పులు సాకెట్లలో ఉన్నాయి. వాటి కాళ్ళకి కాళ్ళు సరిపోయే నేషనల్ సెమీకండక్టర్ వారి 16550ఏ దొరుకుతుంది. దాంట్లో పదహారు అక్షరాల ఫైఫో ఉంటుంది, అంటే ముందొచ్చింది ముందు వెళ్ళే చిన్న గాదె. ఏ అన్న అక్షరం ముఖ్యం, అది లేని మొదటి 16550లో ఫైఫో సరిగ్గా పనిచేసేది కాదు. ఎనిమిది చిప్పులూ పీకి కొత్తవి గుచ్చాను. ఏమీ మారలేదు.

రెండు రోజులు బుర్ర గోక్కున్నాక తెలిసింది. 16550ఏ తనంతట తాను ఫైఫో వాడదు. ఎవరైనా చెప్పేదాకా అచ్చం 16450 లాగే ఒక్కో అక్షరానికీ బెల్లు కొడుతూ ఉంటుంది. మా మెషీన్ మీది డ్రైవరుకి ఫైఫో అనేది ఒకటుందనే తెలీదు. హైదరాబాదులో ఒక మిత్రుడి దగ్గర ఫాస్ అనే ఉచిత డ్రైవరు ఫ్లాపీలో దొరికింది, ఉవే డోరింగ్ అనే ఆయన రాసింది. ఫాస్ అంటే ఫైనల్ అసింక్ సొల్యూషన్. పేరులో కాస్త పొగరుంది, డ్రైవరులో దానికి తగ్గ పనితనమూ ఉంది. దాన్ని ఎక్కించి కెర్నెల్ మళ్ళీ లింక్ చేసి మెషీను లేపితే, అవే అక్షరాలకి ఇంటరప్టులు పదో వంతుకి పడిపోయాయి.

ఈ లెక్క కూడా వేసి చూడండి. సెకనుకి 11,520 అక్షరాలు పంపాలంటే ఫైఫోతో 720 పిలుపులు చాలు. అక్షరాల్ని చిప్పులోకి రాయడం ఎటూ తప్పదు, ఆ 11,520 రాతలకీ తలా ముప్పావు మైక్రోసెకను వేసుకున్నా మొత్తం 9 మిల్లీసెకన్లు దాటదు. సీపీయూలో ఒక్క శాతం కూడా కాదు. అంటే అక్షరాన్ని మోయడం ఎప్పుడూ భారం కాలేదు, ఒక్కో అక్షరానికీ విడిగా లేవడమే భారం. ఇంటెలిజెంట్ కార్డు ఇచ్చే లాభంలో సింహభాగం ఎనిమిది చిప్పులూ ఒక ఫ్లాపీతో వచ్చేసింది. పన్నెండు, పదహారు టెర్మినళ్ళ కొట్లకి ఇంటెలిజెంట్ కార్డు అమ్మడం చాలావరకు అనవసరమని నేను ఇప్పటికీ అంటాను. ముప్పై, నలభై టెర్మినళ్ళున్న చోట మాట వేరు.

మనుషులు కాకుండా యంత్రాలు మాట్లాడే పోర్టుల సంగతి కూడా వేరే. మోడెమ్‌కి ఆగడం తెలీదు. 38,400 మీద ఒక్కో అక్షరం 260 మైక్రోసెకన్లకొకటి వచ్చి పడుతుంది. అదే సమయానికి డిస్కు డ్రైవరు ఇంటరప్టులు మూసేసుకుని సెక్టార్లు లాక్కుంటుంటే, ఒక్క అక్షరమే పట్టే చిప్పులో పాతదాని మీద కొత్తది పడి పోతుంది. ఫైఫో ఉన్నా అది ఎక్కడ బెల్లు కొట్టాలో జాగ్రత్తగా పెట్టాలి. 1, 4, 8, 14 అని నాలుగే మెట్లు. 14 దగ్గర పెడితే పిలుపులు తగ్గుతాయి గానీ ఇంకా రెండు అక్షరాల చోటే మిగులుతుంది, అర మిల్లీసెకను. 8 దగ్గర పెడితే రెండు మిల్లీసెకన్ల ఊపిరి. పత్తి వ్యాపారి మోడెమ్‌కి నేను 8 పెట్టాను.

ఇంటెలిజెంట్ కార్డుల మీద నాకున్న ఇంకో ఫిర్యాదు వాటి పెద్ద బఫర్లు, అంటే పంపాల్సిన అక్షరాలు దాచుకునే చోటు. ఎస్‌సీవోలో నడుస్తున్నదాన్ని ఆపడానికి డెల్ కీ కొట్టాలి. పొరపాటున స్టాకు జాబితా మొత్తం మొదలెట్టిన కుర్రాడు డెల్ కొడతాడు. కెర్నెల్ వెంటనే ఆపేస్తుంది, తన దగ్గరున్న వరసలు పారేస్తుంది. కార్డు పొట్టలో అప్పటికే నాలుగు కిలోబైట్లు ఉంటే, వాటిని కూడా పారేయమని డ్రైవరు చెప్పకపోతే, 9600 మీద నాలుగు సెకన్ల పైన తెర పారుతూనే ఉంటుంది. కుర్రాడు మళ్ళీ డెల్ కొడతాడు, మళ్ళీ కొడతాడు. ఆ దెబ్బలన్నీ ఆ తర్వాత తెరిచిన ప్రోగ్రాము మీద పడతాయి. ఇంటర్నెట్ రౌటర్లలో ఇలాంటి జబ్బుకే జిమ్ గెటిస్ అనే ఇంజినీరు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాక ప్రపంచమంతా మాట్లాడుకుంది. మా మందుల కొట్లో అప్పటికే అది ఉండేది, పేరే లేదు.

నిజానికి ఇందులో ఏదీ పీసీలతో పుట్టింది కాదు. 1970లలో డెక్ కంపెనీ వాళ్ళ పీడీపీ-11 మినీకంప్యూటరుకి డీహెచ్11, డీజెడ్11 అని రెండు రకాల సీరియల్ బోర్డులు ఉండేవి. డీహెచ్11 పదహారు లైన్లకి బయటికి వెళ్ళే అక్షరాల్ని, సీపీయూని లేపకుండా, డీఎంఏతో తనే మెమరీ నుంచి తీసుకునేది. ఎనిమిది లైన్ల డీజెడ్11 చవక, బయటికి వెళ్ళే ప్రతి అక్షరానికీ ఇంటరప్టు కొట్టేది. చవకది కనక జనం అదే కొన్నారు. బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు డెక్ వాళ్ళ తర్వాతి మెషీను వ్యాక్స్ మీద ఆ బాధ తగ్గించడానికి, ఇంటరప్టు రాగానే మామూలు దారిలో అంతదూరం పోకుండా, నాలుగు అసెంబ్లీ ముక్కల్లో తర్వాతి అక్షరం అందించి వెనక్కి వచ్చేలా రాసి, దానికి సూడో డీఎంఏ అన్నారు. లోపలికి వచ్చేవాటికి రెండు బోర్డుల్లోనూ 64 అక్షరాల గాదె ఉండేది. రద్దీ పెరిగితే ఆ గాదెని గడియారం టిక్కు టిక్కుకీ వెళ్ళి ఖాళీ చేసేవాళ్ళు, బెల్లు కోసం కాచుకోకుండా. కామ్‌ట్రోల్ వాళ్ళ మల్టీపోర్ట్ కార్డు రాకెట్‌పోర్ట్‌కి రాసిన లినక్స్ డ్రైవరు కూడా ఇంటరప్టుల జోలికి పోకుండా టైమరు మీదే వెళ్ళి చూసుకునేది. 2000 తర్వాత నెట్‌వర్క్ కార్డుల కోసం లినక్స్‌లో వచ్చిన ఎన్ఏపీఐ చేసేదీ అదే: మొదటి ప్యాకెట్‌కి బెల్లు వినడం, వెంటనే బెల్లు కట్టేయడం, రద్దీ తీరేదాకా తనే చూసుకోవడం. కాబట్టి ఆ కుర్రాళ్ళకి నా విన్నపం ఒకటే. పెద్ద ఫైలు పంపండి, సరే. అది వెళుతుండగా పక్క టెర్మినల్లో ఏదైనా లెక్క నడిపి, దానికి ఎంత సీపీయూ మిగిలిందో చూడండి. ఇంకో టెర్మినల్లో కీ కొట్టి అక్షరం ఎప్పుడొచ్చిందో చూడండి. మొదటి అంకె తర్వాత రాసుకోవచ్చు.

మందుల కొట్టుకి చివరిగా ఒకసారి వెళ్ళాల్సి వచ్చింది. ఇంటెలిజెంట్ కార్డు ఉంది, పదహారు మెగాబైట్లు ఉన్నాయి, అయినా మధ్యాహ్నం భోజనాల వేళ, ఎవరూ పని చేయనప్పుడు కూడా మెషీను బరువుగా ఊపిరి తీస్తోంది. సార్ మైనస్ వై కొడితే సెకనుకి వందల అక్షరాలు లోపలికి వస్తున్నాయి. ఏ కీబోర్డు ముందూ మనిషి లేడు. ప్రాసెస్ నంబర్లు చూస్తే నిమిష నిమిషానికీ పదుల్లో పెరిగిపోతున్నాయి, అన్నీ ఒకే లైను మీద గెట్టీ, లాగిన్, మళ్ళీ గెట్టీ. గెట్టీ అంటే లైను మీద పేరు అడుగుతూ కాచుకునే ప్రోగ్రాము, లాగిన్ అంటే పాస్‌వర్డ్ సరిచూసేది.

ఆ లైను వెనక గోడౌనుది. అక్కడి టెర్మినల్‌ని రిపేరుకి పంపి వారమైంది. అరవై మీటర్ల కేబుల్ చివర ఏమీ లేకుండా మందుల అట్టపెట్టెల మధ్య వేలాడుతోంది. గెట్టీ ఒక తీగలోకి లాగిన్ అని పంపుతుంది. అంత పొడుగున ఆనుకుని ఉన్న పక్క తీగలోకి అదే చెత్తచెత్తగా కారి, వెనక్కి వస్తుంది. ఎవరో పేరు కొట్టారనుకుని గెట్టీ లాగిన్‌ని పిలుస్తుంది, అది పాస్‌వర్డ్ అడుగుతుంది, దానికీ చెత్తే జవాబు. మెషీను తనతో తనే మాట్లాడుకుంటోంది. ఆ అక్షరాలకి పడే ఇంటరప్టుల్ని కార్డు ఎంత చక్కగా మింగేసినా, ప్రాసెస్‌లని పుట్టించి చంపే పని మెషీనుదే కదా.

డిజేబుల్ కమాండుతో ఆ లైను ఆపి, కేబుల్ని కార్డు దగ్గర పీకేశాను. ఓనరు గారు వెనకే నిలబడి చూస్తున్నారు. "ఈ వైరు పీకినందుకు కూడా బిల్లు వేస్తావా?" అన్నారు నవ్వుతూ. వెయ్యలేదు. కార్డు లెక్క అప్పటికింకా నా వైపే బాకీ ఉంది.